ప్రాణమున్న టీకా: దూడల ఊపిరి జబ్బులు నేర్పిన పాఠాలు

కొత్తగా ఉద్యోగంలో చేరిన పశువైద్యులు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న, "సార్, దూడల న్యుమోనియాకి ఏ టీకా మంచిది?" అని. నేను వెంటనే పేరు చెప్పను. ఆ దూడ వయసెంత, పుట్టగానే జున్నుపాలు తాగిందా, తల్లి నుంచి ఎప్పుడు వేరుచేశారు, లారీలో ఎంత దూరం వచ్చింది, అదే కొట్టంలో చూడి ఆవులున్నాయా అని ఎదురు అడుగుతాను. వీటికి జవాబులు దొరికాక ఏ టీకా వేయాలో, ఎప్పుడు వేయాలో దానంతటదే తేలుతుంది.

నేను తిరుపతి పశువైద్య కళాశాలలో చదివాను. ఉద్యోగం మొదలుపెట్టిన రోజుల్లో రాయలసీమ పల్లెల్లో ముసర వ్యాధి టీకాలు వేశాను. తర్వాత అమెరికా వెళ్లి, వేల పశువుల్ని ఒకేచోట మేపే కాన్సాస్ ఫీడ్‌లాట్లలోనూ, పాడి దూడల్ని పెంచే షెడ్లలోనూ మిగతా ఉద్యోగ జీవితం గడిపాను. వైరస్‌ను చంపకుండా బలహీనపరిచి ఇచ్చే లైవ్ టీకా ఈ రెండు చోట్లా నా చేతిలో ఉంది. దాని మీద నాకు చాలా నమ్మకం. ఆ నమ్మకం ఎక్కడ నిలబడుతుందో, ఎక్కడ నిలబడదో కుర్రవాళ్లకు చెప్పి వెళ్లాలని ఇది రాస్తున్నాను.

1. దారి తెరిచేది వైరస్, ప్రాణం తీసేది చాలాసార్లు బ్యాక్టీరియా

అమెరికాలో పచ్చిక బీళ్లలో పుట్టిన దూడను ఆరేడు నెలలకు తల్లి నుంచి వేరుచేసి, సంతలో అమ్మి, వందల మైళ్లు లారీలో తీసుకొచ్చి ఫీడ్‌లాటులో దింపుతారు. ఆగ్నేయ రాష్ట్రాల్లో చిన్న రైతుల దగ్గర పుట్టినవి కాన్సాస్, నెబ్రాస్కా, టెక్సస్ చేరేసరికి పదిరకాల మందల దూడలు ఒకే లారీలో కలిసిపోతాయి. దిగిన వారం పది రోజుల్లో దగ్గు మొదలవుతుంది. చెవులు వాలిపోతాయి, మేత తొట్టి దగ్గరికి రావు, జ్వరం 40 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. పాతవాళ్లు దీన్ని షిప్పింగ్ ఫీవర్ అనేవారు. ఉత్తర అమెరికా ఫీడ్‌లాట్లకు ఇంతకు మించిన జబ్బు లేదు.

దీని వెనుక ముఖ్యంగా నాలుగు వైరస్‌లు ఉంటాయి. ముక్కు, గొంతు పొరల్ని కాల్చేసినట్టు చేసే ఐబీఆర్ వైరస్, అంటే బొవైన్ హెర్పిస్ వైరస్-1. లోపలి గాలి గొట్టాల్ని పట్టే బీఆర్‌ఎస్‌వీ. పారా ఇన్‌ఫ్లుయెంజా-3. రోగనిరోధక శక్తినే దెబ్బతీసే బీవీడీ. మొదటి మూడూ గాలి గొట్టాల లోపల ఉండే సన్నని వెంట్రుకల్లాంటి సిలియాను పాడుచేస్తాయి. ఊపిరితిత్తుల్లోకి జారిన మురికిని పైకి నెట్టేది ఆ సిలియానే. అది పడిపోగానే, ఆరోగ్యంగా ఉన్న దూడ గొంతులో కూడా ఊరికే కాపురముండే మాన్‌హీమియా బ్యాక్టీరియా ఒక్కసారిగా పెరిగి కిందికి దిగుతుంది. చచ్చిన దూడను కోసి చూస్తే ఊపిరితిత్తుల ముందు భాగం, కింది భాగం కార్జంలా గట్టిపడి, ముదురు ఎరుపుగా, పైన పసుపు తెట్టు కట్టి ఉంటాయి. ఆ తెట్టు బ్యాక్టీరియా చేసిన పని.

కెనడాలో చేసిన ప్రయోగాల్లో దూడలకు మొదట ఐబీఆర్ వైరస్‌ను పీల్పించి, నాలుగు రోజులాగి ఈ బ్యాక్టీరియాను పీల్పిస్తే తీవ్రమైన న్యుమోనియా వచ్చింది. ఏదో ఒక్కటే ఇచ్చినప్పుడు అంత ఉధృతి లేదు. మనకు అందుబాటులో ఉన్న యాంటీబయాటిక్ ఆ రెండో దొంగనే పట్టగలదు. మొదటివాడిని ఆపాలంటే టీకా కావాలి, అదీ వాడు రాకముందే.

2. ముసర టీకా గెలుపును ఇక్కడ ఆశించకూడదు

ముసర వ్యాధి మీద పనిచేసిన మా తరానికి లైవ్ టీకా అంటే ఒకే ఒక్క సూది, జీవితకాలపు రక్షణ. వాల్టర్ ప్లౌరైట్ కెన్యాలోని ముగుగా ప్రయోగశాలలో ముసర వైరస్‌ను దూడ మూత్రపిండ కణాల్లో సుమారు 90 సార్లు పెంచి పెంచి దాని కోర పీకేశాడు. ఆ టీకాతోనే ఇండియాలో 1995 తర్వాత ముసర కనిపించలేదు. 2006లో దేశానికి ముసర లేదన్న అంతర్జాతీయ గుర్తింపు వచ్చింది. 2011లో ప్రపంచమంతటా అంతరించిందని ప్రకటించారు. మశూచి తర్వాత మనిషి భూమ్మీద లేకుండా చేసిన రెండో జబ్బు అది.

అమెరికా వెళ్లాక ఊపిరి జబ్బుల టీకాలు ఏడాదికోసారి మళ్లీ మళ్లీ వేయడం చూసి, ఇవి నాసిరకం టీకాలేమో అనుకునే కుర్రవాళ్లు నాకు చాలామంది ఎదురయ్యారు. తేడా వైరస్‌ల నడకలో ఉంది. ముసర వైరస్ ఒళ్లంతా పాకాలంటే రక్తంలోంచి, లింఫ్ గ్రంథుల్లోంచి ప్రయాణం చేయాలి. ఆ దారిలో టీకా పుట్టించిన యాంటీబాడీలు కాచుకుని ఉంటాయి. దానికి ఒకే సీరోటైపు. కోలుకున్న పశువులో దాక్కునే గుణం కూడా దానికి లేదు. బీఆర్‌ఎస్‌వీ అలా కాకుండా గాలి గొట్టాల లోపలి పొరలోనే దిగి, అక్కడే పెరిగి, అక్కడి నుంచే పక్క దూడకు పోతుంది. రక్తంలో ఎన్ని యాంటీబాడీలున్నా ఆ పొర మీదికి చేరేవి కొద్దిగానే. అందుకే ఈ జబ్బు నిజంగా వచ్చి తగ్గిన దూడకు కూడా కొన్ని నెలల తర్వాత మళ్లీ సోకుతుంది. సహజంగా వచ్చిన జబ్బే శాశ్వత రక్షణ ఇవ్వనప్పుడు టీకా నుంచి అంతకన్నా ఎక్కువ అడగడం న్యాయం కాదు. జబ్బు తీవ్రత తగ్గడం, వైరస్ ముక్కులోంచి కారే రోజులు తగ్గడం, చావులు తగ్గడం, ఇవి ఇక్కడ గెలుపు. రైతుకు ఈ మాట ముందే చెప్పండి. చెప్పకపోతే టీకా వేసిన తర్వాత దగ్గిన మొదటి దూడతోనే మీ మీద నమ్మకం పోతుంది.

3. లైవ్ టీకా అంటే మనం చేతులారా ఇచ్చే చిన్న జబ్బు

కిల్డ్ టీకాలో చచ్చిన వైరస్ ముక్కలు, వాటి వైపు శరీరం చూపు తిప్పే అడ్జువెంట్ ఉంటాయి. మొదటి డోసు పరిచయం మాత్రమే చేస్తుంది, మూడు నాలుగు వారాల తర్వాత వేసే రెండోదే పని పూర్తిచేస్తుంది. రెండో డోసు ఎగ్గొడితే మొదటిదానికి పెట్టిన డబ్బు దాదాపు నీళ్లపాలే.

లైవ్ టీకాలోని వైరస్ దూడ కణాల్లోకి దిగి నిజంగానే పెరుగుతుంది. కణం లోపల ఏదో జరుగుతోందని శరీరానికి తెలిసేది అప్పుడే. మొదట ఇంటర్‌ఫెరాన్ పుడుతుంది. ఇది ఫలానా వైరస్ అని చూడదు, చుట్టుపక్కల కణాలన్నిటినీ వైరస్‌కు లొంగకుండా బిగిస్తుంది. వారం తిరిగేసరికి ఐజీఎం యాంటీబాడీలు, వైరస్ పట్టిన కణాల్ని వెతికి చంపే టి-కణాలు సిద్ధమవుతాయి. రెండు వారాలకు ఐజీజీ బలపడుతుంది. ఈ టి-కణాలను కిల్డ్ టీకా అంత బాగా లేపలేదు. హెర్పిస్ కుటుంబపు వైరస్ యాంటీబాడీలకు అందకుండా ఒక కణంలోంచి పక్క కణంలోకి నేరుగా పాకగలదు కాబట్టి, ఐబీఆర్ విషయంలో వీటి విలువ ఎక్కువ.

టీకా వేసిన మర్నాడు దూడ కాస్త నలతగా ఉంటే, ఒకటి రెండు రోజులు మేత తగ్గిస్తే, లోపల పని జరుగుతోందని అర్థం. పాడి రైతుకు కూడా, పాలిచ్చే ఆవుకు వేస్తే ఆ పూట పాలు తగ్గవచ్చని ముందే చెప్పాలి.

4. ముక్కు ద్వారం దగ్గరే కాపలా పెట్టవచ్చు

ఐబీఆర్‌కు ముక్కులో వేసే లైవ్ టీకా మీద 1972లో అచ్చయిన ఒక పరిశోధన నా వృత్తి జీవితాన్ని మలిచింది. ముక్కులో టీకా పోసిన దూడల ముక్కు స్రావాల్లో రెండు మూడు రోజుల్లోనే ఇంటర్‌ఫెరాన్ కనిపించింది. ఆ సమయంలో అసలు వైరస్‌ను ఎక్కించినా అవి తట్టుకున్నాయి. యాంటీబాడీలు పుట్టడానికి ఇంకా చాలా రోజులున్నాయి, అయినా రక్షణ మొదలైంది. ఒక షెడ్డులో ఐబీఆర్ మొదలైందని తెలిసినప్పుడు, ఇంకా జబ్బు పడని దూడలకు ముక్కు టీకా వేయడం వెనుక ఉన్న లెక్క ఇదే.

తర్వాత వచ్చే లాభం ఐజీఏ. ముక్కు పొరల మీదే తయారై అక్కడే కాచుకునే యాంటీబాడీ అది. అయితే ఆ రక్షణ ఏళ్ల తరబడి ఉండదు, కొన్ని వారాల నుంచి కొద్ది నెలల లోపు తగ్గిపోతుంది. నేను నేర్పించిన పద్ధతి, పసి దూడకు ముక్కులో లైవ్ టీకాతో మొదలుపెట్టి, కొన్ని నెలలకు సూదితో బలపరచడం. మొదటిది ద్వారం దగ్గర జ్ఞాపకం పెడుతుంది, రెండోది ఒళ్లంతా ఆ జ్ఞాపకాన్ని పెంచుతుంది.

వేసే తీరు కూడా చూడాలి. దూడ తల కొద్దిగా పైకెత్తి, గొట్టాన్ని ముక్కు రంధ్రంలోకి కొంచెం పోనిచ్చి, అది ఊపిరి లోపలికి పీల్చేటప్పుడు మెల్లగా వదలాలి. తొందరపడి చిమ్మితే తల విదిలించి తుమ్ముతుంది, సగం టీకా మీ చొక్కా మీద ఉంటుంది. రోజంతా దూడల్ని పట్టుకుని అలసిపోయిన సాయంత్రం పూట ఈ తప్పు ఎక్కువగా జరుగుతుంది. అందుకే ముక్కు టీకా పని పొద్దున్నే పెట్టించేవాణ్ణి.

5. అమ్మ కట్టిచ్చిన చద్దిమూట

మనిషి బిడ్డకు తల్లి యాంటీబాడీలు కడుపులోనే మాయ ద్వారా అందుతాయి. ఆవు మాయ నిర్మాణం వేరు, దానిలోంచి యాంటీబాడీలు దాటవు. దూడ వట్టి చేతులతో పుడుతుంది. దానికి కావలసినదంతా జున్నుపాలలో ఉంది. పేగులు ఆ యాంటీబాడీలను యథాతథంగా రక్తంలోకి లాక్కోగలిగేది మొదటి రోజే, అందులోనూ మొదటి కొన్ని గంటల్లోనే బాగా. అందుకే పుట్టిన రెండు మూడు గంటల్లో కడుపునిండా జున్నుపాలు పట్టాలి. పెద్ద డెయిరీల్లో బ్రిక్స్ మీటరు పెట్టి చూస్తాం. 22 శాతం దాటితే మంచి జున్నుపాలని లెక్క.

మన పల్లెల్లో మాయ పడేదాకా దూడను పొదుగు దగ్గరికి రానివ్వని ఇళ్లు నేను చాలా చూశాను. "మాయ పడకముందే పాలు తాగితే ఆవుకు చెడుపు డాక్టరు గారూ" అని ఇంటి పెద్దావిడ గట్టిగా చెబుతుంది. ఆమెతో వాదించి ప్రయోజనం లేదు. "దూడ చీకుతుంటేనే తల్లి గర్భసంచి ముడుచుకుని మాయ తొందరగా పడుతుందమ్మా, కావాలంటే ఈసారి చూడండి" అని చెప్పి, అక్కడే కూర్చుని దూడకు పొదుగు పట్టించాలి. చీకినప్పుడు తల్లిలో ఆక్సిటోసిన్ ఊరుతుంది కాబట్టి ఆ మాట శాస్త్రానికీ సరిపోతుంది. మిగిలిన పాలతో ఇంట్లో జున్ను వండుకోనివ్వండి. మొదటి వాటా దూడదయితే చాలు.

అమ్మ కట్టిచ్చిన ఈ చద్దిమూట దారిలో కొద్దికొద్దిగా తరిగిపోతుంది. సగం కావడానికి సుమారు 16 నుంచి 20 రోజులు పడుతుంది. బాగా తాగిన దూడలో కొన్ని నెలలపాటు ఎంతో కొంత మిగులుతుంది. ఆ ఉన్నంతకాలం సూదితో వేసిన లైవ్ టీకాను తల్లి యాంటీబాడీలే పట్టి ఆపేస్తాయి. నెల దూడకు సూది టీకా వేసి, రక్తం తీసి చూసి, యాంటీబాడీలు పెరగలేదని టీకా కంపెనీని తిట్టినవాళ్లు నాకు తెలుసు. ముక్కు టీకా ఈ అడ్డును చాలావరకు తప్పించుకుంటుంది. సూది టీకా వేశాక రక్త పరీక్షలో ఏమీ కనిపించకపోయినా లోపల టి-కణాలు, జ్ఞాపక కణాలు కొన్ని మేలుకొని ఉండవచ్చు, తర్వాతి డోసుకు అవి వేగంగా స్పందిస్తాయి. కాబట్టి ఒక్క రక్త పరీక్ష పట్టుకుని టీకా దండగైందని తేల్చేయకండి. పసితనంలో వేసిన సూది టీకాను ఆరు నెలల వయసులో మళ్లీ వేయకుండానూ వదలకండి.

6. అలసిన దూడ దగ్గర పని ఆశించవద్దు

తల్లిని వదిలి, సంతలో ఒక రాత్రి నిలబడి, లారీలో నీళ్లు లేకుండా ప్రయాణం చేసి దిగిన దూడ ఒంట్లో కార్టిసోల్ పొంగుతూ ఉంటుంది. తెల్ల రక్తకణాల చురుకు తగ్గుతుంది. ఆ దూడను దిగీదిగగానే ట్రెవిస్‌లోకి తోలి, చెవి పోగు, నట్టల మందు, కొమ్ములు కోయడం, విత్తులు కొట్టడం, మూడు రకాల టీకాలు, అన్నీ ఒకే గంటలో ముగించడం ఫీడ్‌లాటుకు సౌకర్యం. దూడకు అది మోయలేని పని. ముందే సోకిన వైరస్ రెండు రోజుల్లో పైకి రాబోతుంటే ఆ రోజు వేసే టీకాకు పరుగెత్తి గెలిచే వ్యవధి కూడా లేదు.

అర్కాన్సాస్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2008లో ప్రచురించిన పరీక్షలో, వచ్చిన రోజే లైవ్ టీకా వేసిన దూడల కన్నా 14 రోజులు ఆగి వేసిన దూడలు మెరుగ్గా బరువు పెరిగాయి. జబ్బుపడిన వాటి సంఖ్యలో మాత్రం చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఆలస్యమే మంచిదని దీన్నిబట్టి సూత్రం కట్టలేం. తొందర వల్ల మనం అనుకున్నంత లాభం లేదన్నది స్పష్టం. నేను ఎప్పుడూ కోరుకున్నది, దూడ పుట్టిన ఊళ్లోనే, తల్లి పక్కన ఉండగానే టీకా వేయడం, వేరుచేశాక కనీసం 45 రోజులు అక్కడే ఉంచి, తొట్టిలో తినడం, కుండీలో తాగడం అలవాటయ్యాక లారీ ఎక్కించడం. అలా వచ్చిన దూడలకు కొనుగోలుదారులు ఎక్కువ ధర ఇస్తారు. ఇవ్వాలి కూడా.

ఇంకో మాట. ఎండ మండే రోజున గ్రామ్-నెగటివ్ బ్యాక్టీరియా టీకాలు రెండు మూడు లైవ్ టీకాతో కలిపి వేయవద్దు. ఆ టీకాల్లో ఉండే ఎండోటాక్సిన్ అంతా ఒకేసారి ఒంట్లోకి వెళితే దూడ కుప్పకూలవచ్చు.

7. సీసా చెప్పే సంగతులు

లైవ్ టీకా సీసా అడుగున తెల్లటి పొడి బిళ్లలా ఉంటుంది. మంచు గడ్డ కట్టించి ఆరబెట్టిన వైరస్ అది. ద్రావకం ఉన్న సీసాలోంచి రెండు మొనల సూదితో కలిపినప్పుడు, లోపలి శూన్యం ద్రావకాన్ని సుయ్యిమని లాక్కోవాలి. ఆ లాగుడు లేకపోతే మూత ఎక్కడో వదులై గాలి పోయిందని అనుమానించి, ఆ సీసా పక్కన పెట్టేయండి. కలిపాక గట్టిగా కుదపకూడదు, అరచేతుల మధ్య నెమ్మదిగా తిప్పాలి. కలిపిన క్షణం నుంచి వైరస్ చావడం మొదలవుతుంది. గంటలో వాడగలిగినంతే కలపాలి. మధ్యాహ్న భోజనానికి వెళ్లేముందు కలిపి పెట్టిన సీసా, మీరు తిరిగొచ్చేసరికి వట్టి నీళ్లు.

నేను చూసిన ఘోరాల్లో ఎక్కువ భాగం శుభ్రత పేరుతో జరిగినవే. సిరంజిని డెటాల్‌తోనో, స్పిరిట్‌తోనో, సబ్బు నీళ్లతోనో కడిగి, అదే సిరంజిలోకి లైవ్ టీకా తోడతారు. గోడలకంటిన ఆ కొద్ది మందే వైరస్‌ను చంపడానికి చాలు. లైవ్ టీకా సిరంజిని మరగకాగిన నీళ్లతోనే కడగాలి. సిరంజికి ఎండ తగలకూడదు. ఐసుపెట్టెకు చిల్లులు పెట్టి, సిరంజి గొట్టం లోపల, పిడి బయట ఉండేట్టు అమర్చుకుంటే దూడకూ దూడకూ మధ్య కూడా టీకా చల్లగా, చీకట్లో ఉంటుంది. సీసాలోకి మళ్లీ దించే సూది వేరు, దూడకు గుచ్చే సూది వేరు. పల్లెలో ఫ్రిజ్ తలుపులో, పాలు పెరుగుల పక్కన టీకా పెట్టేవాళ్లున్నారు. తెరిచినప్పుడల్లా వేడెక్కేది ఆ తలుపే. లోపలి అరలో, 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండే చోట పెట్టించండి.

8. చూడి ఆవు దగ్గర ఒక్క అడుగు వెనక్కి

ఐబీఆర్ లైవ్ టీకా సూదిగా వేస్తే, ఎప్పుడూ టీకా ఎరగని చూడి ఆవు ఈసుకుపోవచ్చు. వైరస్ గర్భానికి చేరుతుంది. ఎదకొచ్చిన రోజుల్లో వేస్తే అండాశయంలోని పసుపు గ్రంథిని దెబ్బతీసి, చూడి నిలవకుండా చేయవచ్చు. అందుకే పెయ్యలకు కట్టించడానికి కనీసం నెల ముందే టీకాలు పూర్తి కావాలి. చూడి ఆవుకు లైవ్ టీకా వేయవచ్చని కొన్ని కంపెనీల లేబుళ్ల మీద ఉంటుంది. దాని పక్కనే షరతు కూడా ఉంటుంది: గడిచిన 12 నెలల్లో అదే టీకా పద్ధతిగా వేసి ఉండాలి. చాలామంది పైవాక్యం చదివి ఆపేస్తారు. టీకా చరిత్ర కాగితం మీద లేకపోతే లేనట్టే లెక్కించి, చూడి పశువుకు కిల్డ్ టీకానే వాడండి. చూడి ఆవుల దగ్గర పాలు తాగుతున్న దూడలకు లైవ్ టీకా వేసేముందు కూడా ఆ తల్లుల టీకాల సంగతి అడగాలి.

9. హెర్పిస్ వైరస్ ఇల్లు ఖాళీ చేయదు

ఐబీఆర్ తగ్గిన ఆవులో వైరస్ ముఖానికి వెళ్లే ట్రైజెమినల్ నరపు ముడిలో బతికినంతకాలం దాక్కుంటుంది. ఈనడం, దూర ప్రయాణం, డెక్సామెథసోన్ లాంటి స్టెరాయిడ్ సూది దాన్ని లేపుతాయి. లైవ్ టీకా వైరస్ కూడా అదే చోట దాక్కోగలదు. అవసరం లేకుండా స్టెరాయిడ్ వాడకండని నేను పట్టుబట్టేది ఇందుకే.

10. అన్ని యాంటీబాడీలూ కాపాడవు

ఇది నేను అన్నిటికన్నా నిదానంగా చెప్పాలనుకునే పాఠం.

1960ల్లో అమెరికాలో పసిపిల్లలకు ఆర్‌ఎస్‌వీ టీకా తయారుచేశారు. పశువుల బీఆర్‌ఎస్‌వీకి దగ్గరి చుట్టం ఈ వైరస్. దాన్ని ఫార్మలిన్‌తో చంపి టీకాగా ఇచ్చారు. పిల్లల రక్తంలో యాంటీబాడీలు పుట్టాయి. తర్వాతి చలికాలం అసలు వైరస్ వచ్చింది. ఒక పరీక్షలో, టీకా పొంది ఆ వైరస్ సోకిన పిల్లల్లో నూటికి 80 మంది ఆసుపత్రి పాలయ్యారు. ఆ టీకా పొందని పిల్లల్లో అది నూటికి 5. ఇద్దరు పసివాళ్లు చనిపోయారు. టీకా లేని పిల్లలకన్నా టీకా వేసిన పిల్లలకే జబ్బు ముదిరింది. ఆ తర్వాత దశాబ్దాలపాటు ఆర్‌ఎస్‌వీ టీకా ముందుకు కదల్లేదు.

ఫార్మలిన్‌తో చంపిన బీఆర్‌ఎస్‌వీతో దూడల మీద చేసిన ప్రయోగాల్లోనూ ఇలాంటి ముదురు జబ్బే కనిపించింది. బీఆర్‌ఎస్‌వీ ముదిరిన దూడను ఒకసారి దగ్గరగా చూస్తే మరవలేరు. మెడ చాచి, నోరు తెరిచి, నురగ కారుస్తూ, పొట్టతో ఊపిరి లాగుతుంది. వీపు మీద చర్మం నొక్కితే లోపల గాలి చిటచిటమంటుంది. ఊపిరితిత్తులు చిట్లి, ఆ గాలి చర్మం కిందికి పాకిందన్నమాట. కోసి చూస్తే ఊపిరితిత్తులు గాలి దిగిపోక ఉబ్బి ఉంటాయి.

కారణం అర్థం కావడానికి చాలాకాలం పట్టింది. వైరస్ కణంలోకి దూరడానికి వాడే ఎఫ్ ప్రోటీన్‌కు రెండు రూపాలున్నాయి. దూరకముందు ఒకటి, దూరాక మరొకటి. వైరస్‌ను ఆపగల బలమైన యాంటీబాడీలు మొదటి రూపాన్ని పట్టుకుంటాయి. చంపిన వైరస్‌లో ఎక్కువగా మిగిలింది రెండో రూపం. దాని మీద పుట్టిన యాంటీబాడీలు వైరస్‌కు అంటుకుంటాయే కానీ ఆపలేవు. దానికి తోడు రోగనిరోధక శక్తి వైరస్‌ను చంపే వైపు కాకుండా ఎలర్జీ తరహా వాపు వైపు మళ్లింది. 2013లో ఆ మొదటి రూపపు నిర్మాణం తేలింది. 2017లో దాన్ని స్థిరంగా నిలిపి తయారుచేసిన బీఆర్‌ఎస్‌వీ టీకా దూడల్ని కాపాడిందని ప్రచురించారు. 2023లో అదే ఆలోచనతో మనుషులకు ఆర్‌ఎస్‌వీ టీకాలు అనుమతి పొందాయి, మొదట 60 ఏళ్లు దాటినవారికి, తర్వాత గర్భిణులకు. గర్భిణికి వేసిన టీకా పుట్టించిన యాంటీబాడీలు మాయ ద్వారా బిడ్డకు అందుతాయి. ఆవు అదే పని జున్నుపాలతో చేస్తుంది.

ఇప్పటి కిల్డ్ టీకాలన్నీ ప్రమాదమని దీని అర్థం కాదు. తయారీ పద్ధతులు, అడ్జువెంట్లు చాలా మారాయి. నేను చెప్పేది, యాంటీబాడీల టైటర్ ఎక్కువ వచ్చిందని చూపించే పట్టిక దగ్గరే ఆగిపోవద్దని. దూడకు టీకా వేశాక అసలు వైరస్ ఎక్కించి చూశారా, ఊపిరితిత్తులు ఎలా ఉన్నాయి, ముక్కులోంచి వైరస్ ఎన్నాళ్లు కారింది అని అడగండి. లైవ్ టీకా వైరస్ తన ప్రోటీన్లను కణం లోపలే తయారుచేయించుకుంటుంది కాబట్టి సహజ రూపాల్నే శరీరానికి చూపుతుంది. శ్వాసకోశ వైరస్‌ల విషయంలో నేను దానివైపే మొగ్గడానికి ఇది పెద్ద కారణం.

11. లైవ్ టీకాతో ఇంకెవరు లోపలికి వస్తున్నారో చూడాలి

నెదర్లాండ్స్‌లో 1998 మే నుంచి ఐబీఆర్‌ను తరిమేయడానికి టీకా తప్పనిసరి చేశారు. 1999 మొదట్లో కొన్ని ఫారాల్లో టీకా వేసిన ఆవులు తీవ్రంగా జబ్బుపడి చచ్చాయి. వెతికితే కొన్ని బ్యాచ్‌ల టీకాలో బీవీడీ టైప్-2 వైరస్ కలిసి ఉంది. కార్యక్రమం ఆపేయాల్సి వచ్చింది. లైవ్ టీకా వైరస్‌ను పెంచే కణాలకు గర్భస్థ దూడల సీరం పోస్తారు, బీవీడీకి ఇష్టమైన దాపు అదే. వైరస్‌ను చంపే దశ ఉండదు కాబట్టి దానిలో దూరింది దేనినైనా వడకట్టేది పరీక్ష ఒక్కటే. ప్రతి దూడకు వేసిన టీకా బ్యాచ్ నంబరు రాసి పెట్టమని నేను విసుగు లేకుండా చెప్పేది అందుకే. నష్టం జరిగినప్పుడు రైతు చేతిలో ఉండే ఏకైక సాక్ష్యం ఆ నంబరు.

12. మందలో ఒక్క దూడ

గర్భంలో నలభయ్యో రోజు నుంచి సుమారు 120వ రోజు లోపు తల్లికి బీవీడీ సోకితే, పిండం ఆ వైరస్‌ను తనదే అనుకుని పెరుగుతుంది. అలా పుట్టిన దూడ జీవితాంతం వైరస్ చిమ్ముతూనే ఉంటుంది, దానికి ఎన్ని టీకాలు వేసినా లాభం లేదు. అమెరికా ఫీడ్‌లాట్లకు వచ్చే దూడల్లో ఇలాంటివి వెయ్యికి మూడు ఉండవచ్చని ఒక సర్వేలో తేలింది. చెవి అంచు ముక్క కోసి పరీక్షిస్తే దొరుకుతుంది. దొరికిన రోజే మందలోంచి తీసేయాలి.

13. మన ఊళ్లకు వచ్చేసరికి

ఇండియాలో ఐబీఆర్‌ను మొదట 1976లో ఉత్తరప్రదేశ్‌లో గుర్తించారు. ఇప్పుడు దేశమంతటా సంకరజాతి ఆవుల్లో, గేదెల్లో దాని యాంటీబాడీలు కనిపిస్తాయి. ఆబోతు వీర్యం ద్వారా కూడా పాకుతుంది కాబట్టి వీర్య ఉత్పత్తి కేంద్రాల్లో దాన్ని పరీక్షిస్తారు. అమెరికాలో వాడే లైవ్ ఐబీఆర్ టీకాను తెచ్చి వేసేస్తే, రేపు రక్త పరీక్షలో అది టీకా యాంటీబాడీనో, అసలు జబ్బు యాంటీబాడీనో తేల్చలేం. మన శ్రమంతా గందరగోళమవుతుంది. ముసర పోయిందని నిరూపించడానికి కూడా చివరికి టీకా ఆపి, ఏళ్ల తరబడి నిఘా పెట్టాల్సి వచ్చింది. దీనికి మందు గుర్తింపు టీకా. వైరస్‌లోంచి జీఈ అనే ప్రోటీన్‌ను తీసేసి తయారుచేస్తారు. జీఈ యాంటీబాడీ కనిపిస్తే అసలు వైరస్, లేకపోతే టీకా. యూరప్‌లో ఐబీఆర్ తరిమే దేశాలకు ఇదే ఆధారం. హైదరాబాద్‌లోని ఇండియన్ ఇమ్యునలాజికల్స్ కూడా ఇలాంటి టీకాను తెచ్చింది.

గేదెల దగ్గర ఇంకో చిక్కు ఉంది. వాటికి సొంత హెర్పిస్ వైరస్ ఒకటుంది. ఐబీఆర్‌కు దగ్గరి బంధువు కాబట్టి పరీక్షలో అది కూడా ఐబీఆర్‌లా కనిపించవచ్చు. ముర్రా గేదెకు పాజిటివ్ వచ్చిందనగానే రైతును కంగారు పెట్టకండి. ప్రయోగశాలతో మాట్లాడి ఏ పరీక్ష చేశారో తెలుసుకోండి.

మన చిన్న పాడి రైతుకు నేను మొదట చెప్పేవి ఖర్చు లేని పనులు. సంతలో కొన్న పశువును నెల రోజులు వేరే కొట్టంలో కట్టేయాలి, తొట్టి వేరు, బకెట్ వేరు. ఊరి ఆబోతుతో దాటించకుండా పరీక్షించిన వీర్యంతో కట్టించాలి. వరసగా రెండు ఆవులు ఈసుకుపోతే పడిన పిండాన్ని, మాయను, తల్లి రక్తాన్ని ప్రయోగశాలకు పంపాలి. పిండాన్ని, మాయను గ్లవ్స్ లేకుండా ముట్టుకోకూడదు, అది బ్రుసెల్లా కావచ్చు. ఫలితం వచ్చాక, మందలో ఏముందో తెలిశాక, టీకా పేరు నన్ను అడగండి. చెబుతాను.